‘నా అభిప్రాయంలో’ అనే ఫ్రెంచి పాఠం

ఉదయగిరి
16-3-1953, సోమవారం. విజయనామ సంవత్సరాది.

శ్రీరస్తు. నేడు చైత్ర శుద్ధ పాడ్యమి. కాలానికి ఆరంభమని పెద్దలు నిర్ణయించిన దినం. ఈ దినాన పట్టిన పని సంవత్సరమంతా మనిషిని విడవదని నమ్మకం. కనుక ఆరు రుచుల పచ్చడి నాలుక మీద ఉండగానే, మల్లికార్జున శాస్త్రి అనే నేను, అరవై ఏడవ యేట, ఫ్రెంచి భాష నేర్వాలని సంకల్పించుకున్నాను. ఆచమనం చేసి సంకల్పం చెప్పుకోలేదు. ఆ మాత్రం సిగ్గు మిగిలి ఉంది.

కారణం నిన్నటి ఉత్తరం. పుదుచ్చేరి నుంచి ఒక ఫ్రెంచి పండితుడు నాకు సంస్కృతంలో రాశాడు. మా తాతగారి తాటాకు వ్యాఖ్యానం చూడడానికి వైశాఖమాసంలో ఆత్మకూరు బంగళాకు వస్తాడట. నచ్చితే పుదుచ్చేరిలో జరిగే సభకు నన్ను పిలుస్తాడట. ఆ సభలో ప్రతి పండితుడూ తన అభిప్రాయం సంస్కృతంలో గాని ఫ్రెంచిలో గాని చెప్పాలి. సంస్కృతంలో చెప్పగలవాళ్ళు జిల్లాలో పదిమంది ఉన్నారు. ఫ్రెంచిలో చెప్పే శాస్త్రి ఒక్కడే ఉంటే?

ఈ వాక్యం రాసి చూసుకుంటే పండులో పురుగు కనిపించినట్లుంది. కొట్టివేయను. ఈ పుస్తకం నేను తప్ప ఎవరూ చదవరు.

ఈ ఊళ్ళో ఆ భాష వచ్చిన మనిషి ఒక్కతే. లిదియమ్మ. ఊరి వెలుపలి అంటరానివాళ్ళ పల్లెలోని క్రైస్తవురాలు. పుదుచ్చేరిలో ఒక ఫ్రెంచి వైద్యుడి ఇంట ఆయాగా చేరి, తరువాత మంత్రసాని పని నేర్చి, ముప్పై ఏళ్ళు అక్కడే ఉండి, భర్త పోయాక తమ్ముడు శీనయ్య ఇంటికి తిరిగి వచ్చింది. ఈమె దగ్గర నేర్చుకోవాలి. రోత.

18-3-1953

మొదటి పాఠం.

ముందు ఆసనం సంగతి. నేను అరుగు మీద చాప వేసుకుని కూర్చున్నాను. ఆమె మెట్టు దిగువన, చూరు నీడ పడినంతమేర జరిగి, నేల మీద కూర్చుంది. గురువు ఆసనం శిష్యుడి ఆసనానికంటె ఎత్తుగా ఉండాలని నేనే వందలమందికి పాఠం చెప్పాను. కాని ఇది విద్య కాదు, భాష మాత్రమే. బజారులో నాలుగు మాటలాడడం నేర్చుకోవడానికి గురుశిష్య మర్యాద వర్తించదు. ఈ నిర్ణయంలో దోషం లేదు.

‘బోఁజూర్’ అంటే నమస్కారం వంటిది. ‘సిల్ వూ ప్లే’ అంటే దయచేసి. ‘పార్దోఁ’ అంటే క్షమించమని. ‘మెర్సీ’ అంటే కృతజ్ఞత. ఉప్పు అందిస్తే మెర్సీ. దారి తొలగితే మెర్సీ. పెళ్ళాం అన్నం వడ్డిస్తే మొగుడు మెర్సీ అంటాడట!

“మంచినీళ్ళిస్తే కూడానా?” అన్నాను.

“నీళ్ళకే ముందంటారు సామీ. ఎవురిచ్చినా అనాల్సిందే. పనిమనిషిచ్చినా సరే.”

కృతజ్ఞత హృదయంలో ఉండవలసిన వస్తువు. దాన్ని మాటిమాటికీ పెదవి మీదికి తెచ్చుకునే జాతిని చూస్తే, తాంబూలం నమిలి ఊరంతా ఉమ్మే మనిషిని చూసినట్లుంటుంది నాకు.

పాఠం అయినాక ఆమె దాహమడిగింది. మా ఆవిడ రామసుబ్బమ్మ చెంబుతో పైనుంచి పోసింది. ఆమె దోసిలి పట్టి తాగి, తల ఎత్తి, “మెర్సీ మదాం” అంది.

“ఏమంటుండాదండీ ఇది? తిడతా ఉందా?” అంది రామసుబ్బమ్మ.

20-3-1953

ఈ భాషలో ‘నువ్వు’కు ‘తూ’ అనీ, ‘మీరు’కు ‘వూ’ అనీ రెండు మాటలున్నాయి. నేను సహజంగా మొదటిది వాడాను. ఆమె ఆగిపోయింది.

“నన్ను వూ అనాల సామీ.”

“నిన్నా?”

“నన్ను గాదులే. పాఠం జెప్పేదాన్ని. తూ అనేది బిడ్డలకి, కుక్కలకి, దేవుడికి.”

“దేవుణ్ణి నువ్వంటారా వాళ్ళు?”

“ఆయన సొంత మడిసి గదా.”

చివరకు ఒడంబడిక ఇదీ. ఫ్రెంచిలో ఆమె ‘వూ’, తెలుగులో ఎప్పటివలె ‘నువ్వు’. ఒకే నోట ఒకే మనిషిని ఒక గడియ పైకెత్తి, మరు గడియ కిందికి దించుతున్నాను. పాఠం కాగానే పెరటి బావి దగ్గర ఉప్పుతో నాలుక తోముకున్నాను.

21-3-1953

సుందరరామయ్య వచ్చాడు. వేరుశనగ వర్తకుడు. బజారు బావి ఆయన తండ్రి తవ్వించిందే. రెండేళ్ళుగా వానలు లేవు. పల్లెలో ఉన్న ఒక్క బావీ బురద తేలింది. పల్లె ఆడవాళ్ళు దుర్గం కొండ మెట్లెక్కి, రాతి దొనలో నిలిచిన నీళ్ళు ముంచి తెచ్చుకుంటున్నారు. వానలు పడేదాకా బజారు బావిలో తోడుకోనివ్వమని శీనయ్యా, మరో ఇద్దరూ వచ్చి అడిగారట.

“నేను గాదంటే పాపం నాది శాస్తుర్లుగారూ. శాస్త్రం గాదంటే నాకేం పాపముండాది చెప్పండి? అందుకని తమరొక వ్యవస్థ రాసియ్యాల.”

“సర్కారు చట్టం వచ్చింది కదా?”

“చట్టం మద్రాసులో ఉండాది. బావి ఇక్కడ ఉండాది.”

నవ్వాను. ఎందుకు నవ్వానో!

వ్యవస్థ రాయడం మా ఇంట నాలుగు తరాల వృత్తి. ఊరికి సందేహం వస్తే శాస్త్రం చూసి నిర్ణయం రాసి ఇస్తాం. అందులో ‘నేను’ అన్న మాట రాకూడదు. సంతకం కూడా ఉండదు. ‘ఇది శాస్త్రనిర్ణయం’ అని ముగించి పెడతాం. మనిషి పక్కకు తొలగి శాస్త్రాన్ని మాట్లాడనివ్వాలి. అదీ మా ఇంటి మర్యాద.

సాయంకాలానికి రాసి ఇచ్చాను. మూడు వాక్యాలు. ఆపత్కాలంలో నీటిని ఎవరికీ నిరాకరించరాదని మొదటిది. శుచి నియమాలను రక్షించుకోవాలని రెండవది. రెండూ విరోధించిన చోట పెద్దల ఆచారమే ప్రమాణమని మూడవది. త్రాసు ఎటూ మొగ్గలేదు. చదువుకుంటే నాకే ముచ్చట వేసింది.

మా పెరటి బావిలో ఇంకా నిలువు లోతు నీళ్ళున్నాయి. దైవకృప.

శ్రీరామనవమి

పందిట్లో పానకం పంచేముందు సుందరరామయ్య నా కాగితం విప్పి చదివాడు. మూడవ వాక్యం మాత్రమే చదివాడు. మడిచి రొంటిన దోపుకున్నాడు.

“విన్నారు గదా. ఇది శాస్తుర్లుగారి మాట. ఇంక నన్నడగబాకండి.”

పందిరి బయట ఎండలో శీనయ్య నిలబడి ఉన్నాడు. నా వైపు చూశాడు. కోపంగా చూసి ఉంటే బాగుండేది. లెక్క తప్పిన పిల్లవాడు పంతులును చూసినట్లు చూశాడు. తప్పెక్కడుందో నేను చెబుతాననుకున్నట్లు.

ఇది నా మాట కాదనీ, మిగిలిన రెండు వాక్యాలూ చదవమనీ చెప్పడానికి లేవబోయాను. అప్పుడే ఎవరో చేతిలో పానకం గ్లాసు పెట్టారు. గ్లాసు పట్టుకుని లేవడం బాగుండదని కూర్చున్నాను.

పానకం చల్లగా ఉంది. బజారు బావి నీళ్ళు.

25-3-1953

పాఠం జరిగింది. ఆమె ఆ ఊసే ఎత్తలేదు. మంచిదే.

27-3-1953

నేటి నుంచి అభిప్రాయం చెప్పే వాక్యాలు. సభకు ఇవే ముఖ్యం.

‘జె పాఁస్ కె’ అంటే ‘నేననుకుంటాను’. ‘వు జావే రెజోఁ’ అంటే ‘మీరన్నది నిజమే’. ‘జె నె సుయి పా దాకోర్’ అంటే ‘నాకు సమ్మతం కాదు’. అన్నిటికంటె ఎక్కువగా వాడేది ‘ఆ మొనావీ’. అంటే ‘నా అభిప్రాయంలో’. వైద్యుడి ఇంట భోజనాల బల్ల దగ్గర పదేళ్ళ పిల్ల కూడా ‘ఆ మొనావీ ఈ చారులో ఉప్పెక్కువ’ అనేదట. తండ్రి కోప్పడడట. తన అభిప్రాయం తాను చెప్పేవాడట. బల్ల మీద చారు చల్లారిపోయేదట.

పదేళ్ళ పిల్లకు అభిప్రాయం! వింటుంటే ఒళ్ళు జలదరించింది. ప్రతివాడూ తన నాభిలోని మురికి గోకి తీసి పదిమందికీ చూపించినట్లుంది.

“సామీ, మీరొకటి చెప్పండి. ఆ మొనావీ అని మొదలుపెట్టి.”

నేను ఆలోచించాను. చాలాసేపు ఆలోచించాను.

“దేన్ని గురించి?”

“ఎండను గురించి చెప్పండి. మజ్జిగను గురించి చెప్పండి.”

“మజ్జిగ త్రిదోషహరమని వైద్యశాస్త్రం చెబుతున్నది.”

“అది శాస్త్రం మాట. మీకు మజ్జిగ పులుపుంటే ఇష్టమా, తీపుంటే ఇష్టమా?”

“గ్రీష్మంలో పులుపు…”

“సామీ,” అని ఆమె నవ్వింది. చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. “మజ్జిగ మీద గూడా అభిప్రాయం చెప్పలేకపోతే ఆ సభలో ఏం చెపుతారు?”

లోపలినుంచి రామసుబ్బమ్మ, “పులుపే ఆయనకిష్టం! తియ్యటి మజ్జిగ పోస్తే నాతో అనక గోడతో చెప్పుకుంటారు!” అని అరిచింది. ఈ ఇంట్లో నా అభిప్రాయాలు వంటింటి దాకా తెలుసునన్నమాట. నాకే తెలియలేదు.

31-3-1953

వాక్యాలు కుదురుకుంటున్నాయి. జ్ఞాపకశక్తి తగ్గలేదు. ఆమె ఉచ్చరించినట్లే ముక్కుతో పలుకుతున్నాను.

శీనయ్య కూతురు వరదమ్మ తొలి పురిటికి పుట్టింటికి వచ్చిందట. పాఠం మధ్య లిదియమ్మ చెప్పింది. ‘నా మేనకోడలికి నెలలు నిండుతున్నాయి’ అన్నది ఫ్రెంచిలో ఒక అభ్యాస వాక్యం. నేను మూడుసార్లు తప్పు లేకుండా అన్నాను.

9-4-1953, గురువారం

పొద్దున రామసుబ్బమ్మ పాలు పోయించుకుని వచ్చి చెప్పింది.

“విన్నారా? ఆ లిదియమ్మ మేనకోడలు నిన్న దుర్గం మెట్ల మీద కడవతో పడిందంట. అప్పుడే నొప్పులంట. నెల ముందే ఆడబిడ్డ. తల్లీ బిడ్డా బతికే ఉన్నారులే. బిడ్డను కడిగేదానికి నీళ్ళు లేక, దొన నీళ్ళు గుడ్డలో వడగట్టి తుడిచిందంట ఆ లిదియమ్మే.”

“నిండు గర్భిణి కొండ ఎక్కడమేమిటి?” అన్నాను.

రామసుబ్బమ్మ పాలచెంబు తీసుకుని లోపలికి వెళ్ళింది.

ఈ పూట పాఠం ఉండదనుకున్నాను. సరిగ్గా వేళకు లిదియమ్మ వచ్చి మెట్టు దిగువన కూర్చుంది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. చేతులు ఒళ్ళో పెట్టుకుంది. గోళ్ళ సందుల్లో ఎండిన నెత్తురుంది. నాకు రోత పుట్టి చాప వెనక్కి జరుపుకున్నాను. చేతులు కడుక్కునైనా రావచ్చు కదా అనుకున్నాను.

అనుకున్న మరుక్షణం ఆ మాట నాకే వినిపించింది.

బీభత్సరసానికి జుగుప్స స్థాయి అని నలభై ఏళ్ళు పాఠం చెప్పాను. నెత్తురు, చీము, పురుగులు, ఎముకలు ఉద్దీపనాలని వల్లె వేయించాను. ఆ పట్టికలో నేను లేను.

ఆమె పాఠం మొదలుపెట్టింది. “కెస్ కె వు జాఁ పాఁసే?” అంది. దీని మీద మీ అభిప్రాయమేమిటని.

“దేని మీద?”

“దేని మీదైనా సామీ. పాఠానికే.”

నేను చూరు వైపు చూశాను. ఒక వాక్యం నాలుక మీదికి వచ్చింది. అదీ ఫ్రెంచిలోనే వచ్చింది. “జె నే పా దావీ.” నాకు అభిప్రాయమేమీ లేదు.

ఆమె ఒళ్ళోని చేతులు తీసి కొంగుకు తుడుచుకుంది.

“తప్పు లేదు సామీ. వాక్యం బాగుండాది,” అని లేచింది.

10-4-1953

నిన్న ఆమె దాహమడగలేదు.

ఆత్మకూరు
20-4-1953, సోమవారం

బంగళాలో పుదుచ్చేరి పండితుణ్ణి చూశాను. పొడుగాటివాడు. చెమటతో చొక్కా వీపుకు అంటుకుని ఉంది. సంస్కృతం రాతిమెట్లు దిగినట్లు ఒక్కొక్క మాటా చూసి చూసి పలుకుతాడు. బంట్రోతు మంచినీళ్ళు తెచ్చిస్తే ‘మెర్సీ’ అన్నాడు. బంట్రోతు తనలో ఏ తప్పు కనిపించిందో తెలియక నిలబడిపోయాడు.

తాటాకులు విప్పాము. ఒకచోట పాఠభేదం వచ్చింది. నేను గొంతు సవరించుకుని, “ఆ మొనావీ…” అని మొదలుపెట్టి, నేర్చిన ఆరు వాక్యాలూ పొందికగా అన్నాను. ఆయన కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. నిజంగా లేచి నిలబడ్డాడు.

ఎవరు నేర్పారని సంస్కృతంలో అడిగాడు.

“స్వయమేవ,” అన్నాను. నేనే నేర్చుకున్నానని.

ఒక్క మాట. నోరు తడబడలేదు. ఆరు వాక్యాలకు నెలరోజులు పట్టింది. ఈ అబద్ధానికి అభ్యాసం అక్కరలేకపోయింది.

అప్పుడు ఆయన తాటాకుల వైపు తిరిగి నవ్వాడు. ‘ఆ మొనావీ’ మీకు కొత్త ఎలా అవుతుందన్నాడు. ఆకులు తిప్పి, ఒకచోట వేలు పెట్టాడు. మరొకచోట. మరొకచోట. మొత్తం అయిదుచోట్ల మా తాతగారు శాస్త్రకారుల మతాలన్నీ చెప్పి, చివర ‘మమ మతం తు’ అని రాశారు. ‘నా అభిప్రాయం మాత్రం ఇది’ అని. ఒకచోట అందరినీ కాదన్నారు కూడా.

ఈ ఆకులు నేను యాభై ఏళ్ళుగా చదువుతున్నాను. నవరాత్రుల్లో పూజ చేస్తున్నాను. పసుపు రాసి ఎండబెట్టాను. ఆ అయిదుచోట్లా నా కన్ను ఎట్లా జారిపోయింది?

మా ఇంట ‘నేను’ అన్న మాట ఉండదని రాసుకున్నాను కదా పోయిన నెలలో. ఆ మర్యాద మా ఇంటిది కాదు. నాది.

ఆత్మకూరు
21-4-1953

ఆషాఢంలో సభకు రమ్మని పిలిచాడు. కోరినది దక్కింది. బంగళా వరండాలో తెల్లవారుజామున వాంతి చేసుకున్నాను. తిన్నది మజ్జిగన్నమే.

ఉదయగిరి
26-4-1953, ఆదివారం

సుందరరామయ్య కొట్టు వరండాలో పెద్దలు కూడిన వేళ చూసి వెళ్ళాను. ఆసనం చూపించారు. కూర్చోలేదు.

“నేనిచ్చిన వ్యవస్థ వెనక్కి తీసుకుంటున్నాను. నా అభిప్రాయంలో, పల్లెవాళ్ళను బజారు బావిలో తోడుకోనివ్వాలి.”

తెలుగులో ఆ మాట అనడం ఫ్రెంచిలో కంటె కష్టం.

సుందరరామయ్య అందరివైపూ చూసి, నావైపు తిరిగాడు. “ఏ శాస్త్రంలో ఉండాది సామీ?”

“శాస్త్రం చెప్పడం లేదు. నా అభిప్రాయం చెబుతున్నాను.”

“మీ అభిప్రాయమా?” కొట్లో ఎవరో నవ్వారు. “తప్పుగా అనుకోబాకండి. శాస్తుర్లుగారి శాస్త్రమంటే ఊరంతా తలకాయ వంచుద్ది. శాస్తుర్లుగారి అభిప్రాయం ఎవురికి గావాల? అభిప్రాయాలు మా గుమాస్తాకీ ఉండాయి.”

ఎవరూ అమర్యాదగా నవ్వలేదు. ముసలివాడికి ఎండదెబ్బ తగిలిందన్నట్లు నవ్వారు.

“ఇంకొక మాట,” అన్నాడు సుందరరామయ్య, నన్ను మెట్టుదాకా సాగనంపుతూ, నాకు మాత్రమే వినపడేటట్లు. “మీ పెరటి బావిలో నిలువెత్తు నీళ్ళుండాయంట గదా. మా నాయన బావి మీద అభిప్రాయం చెప్పేదానికి ఇంతదూరం నడిచొచ్చినారే, మీ దొడ్డి తలుపు దగ్గరనే గదా ఉండాది?”

ఇంటికి వచ్చి ఈ పుస్తకం మొదటినుంచి చదివాను. మార్చి ఇరవై ఒకటిన నేనే రాశాను. మూడు వాక్యాల వ్యవస్థ. దాని కిందనే నిలువు లోతు నీళ్ళు, దైవకృప. ఆ రెండూ ఒకే పుటలో ఉన్నాయి. ఒకదానినొకటి చూసుకోలేదు.

ప్రతి వైశాఖంలోనూ పురాణకాలక్షేపంలో నేను చెప్పేది ఏమిటి? ఈ మాసంలో జలదానాన్ని మించిన దానం లేదని. దానికి మండువాలో ఆడవాళ్ళు కన్నీళ్ళు పెట్టుకునేవాళ్ళు. నేను గొంతు ఇంకా మెత్తగా చేసి చెప్పేవాణ్ణి. తూ!

27-4-1953

రామసుబ్బమ్మతో చెప్పాను. చాలాసేపు చేటలో బియ్యం ఏరుతూనే ఉంది.

“మడినీళ్ళు తెల్లారకముందే నేను తోడుకుంటాను. ఆ పైన మీ ఇష్టం. నా చెల్లెలు ఇంక ఈ గడప తొక్కదు, అదొక్కటి తెలుసుకోండి.”

“నీ అభిప్రాయమేమిటి?” అన్నాను. పెళ్ళయి యాభై ఏళ్ళలో ఈ ప్రశ్న మొదటిసారి.

ఆమె చేట కింద పెట్టింది. “ఆ బిడ్డను తుడిచింది గుడ్డతోనని పాలమనిషి చెప్పిన్నాడే మీరు దొడ్డి తలుపు తీస్తారనుకున్నా. మీరేమో కొండెందుకెక్కిందన్నారు,” అంది. మళ్ళీ చేట తీసుకుంది.

పుదుచ్చేరికి ఉత్తరం రాశాను. ‘నాకు ఫ్రెంచి నేర్పినది మా ఊరి లిదియమ్మగారు. ఆనాడు నేను చెప్పినది అసత్యం. ఈ మాట తెలిసిన తరువాత సభకు పిలుస్తారో లేదో మీ ఇష్టం.’ సంతకం చేశాను.

28-4-1953

పాఠం.

అరుగు మీద రెండవ చాప వేసి, పైకి రమ్మన్నాను. ఆమె చాపను చూసి, నన్ను చూసి, మెట్టు మీద కూర్చుంది. అంతవరకే వచ్చింది.

“అబద్ధం చెప్పాను అనడానికి ఫ్రెంచిలో ఏమంటారు?” అన్నాను.

“జే మాఁతి.”

రెండుసార్లు అని సరిచూసుకున్నాను. తరువాత ఆమె వైపు తిరిగి, “జే మాఁతి, మదాం,” అన్నాను. ఆత్మకూరులో జరిగినదంతా తెలుగులో చెప్పాను. ‘మీరు’ అనే చెప్పాను. ఎవరు నేర్పారని అడిగితే మీ పేరు చెప్పలేదన్నాను.

ఆమె విన్నది. మెట్టు మీది ఇసుకను వేలితో పక్కకు తోసింది.

“ఉచ్చారణ బాగుండాది సామీ,” అంది.

క్షమించానని అనలేదు. ఆ మాటకు ఫ్రెంచిలో పది మర్యాదలున్నాయి. ఒకటీ వాడలేదు.

“రేపు పొద్దున మా దొడ్డి తలుపు తీసి ఉంటుంది. మీవాళ్ళను రమ్మని చెప్పండి.”

“ఎన్నాళ్ళు?”

“నీళ్ళున్నన్నాళ్ళు.”

“మళ్ళీ కాగితమేదన్నా రాస్తారా?”

“రాయను.”

ఆమె లేచి కొంగు దులుపుకుంది. “అయితే వస్తాం.”

29-4-1953, బుధవారం. అధిక వైశాఖ పూర్ణిమ.

పొద్దెక్కగానే వచ్చారు. పదకొండుమంది ఆడవాళ్ళు, శీనయ్య, లిదియమ్మ. దొడ్డి తలుపు దగ్గరే ఆగిపోయారు. రమ్మన్నాను. గుంపుగా వచ్చి బావికి నాలుగు బారల దూరంలో కడవలు దించారు.

నేను చేంతాడు పట్టుకుని తోడడం మొదలుపెట్టాను. మొదటి కడవలో పోశాను. రెండవదానిలో పోశాను. పైనుంచే పోశాను, కడవ అంచుకు చేద తగలకుండా. మూడవ కడవకు రొప్పు వచ్చింది. గిలక కిర్రుమంటూ ఉంది.

లిదియమ్మ దగ్గరికి వచ్చింది.

“సామీ, అరవయ్యేడేళ్ళు మీకు. ఎన్ని కడవలు తోడతారు? రేపెన్ని తోడతారు? తాడు మాకియ్యండి.”

ఇక్కడ జరిగినది ఉన్నదున్నట్లు రాయాలి. నా చేయి తాడును వదలలేదు. వదలమని నేను చేతికి చెప్పాను. వేళ్ళు ఇంకా బిగుసుకున్నాయి. అదే రోత, ఆమె గోళ్ళను చూసిననాటిది. శాస్త్రం ఒక్క అక్షరమైనా గుర్తుకు రాలేదు. ఏ ఋషీ వచ్చి నా మణికట్టు పట్టుకోలేదు. అక్కడ ఉన్నది నేనూ, నా రోతా మాత్రమే. ఇన్నాళ్ళూ ఈ రోతకు పట్టుబట్ట కట్టి, శాస్త్రమని పేరు పెట్టి, ఊరేగించాను. సంతకం లేకుండా కాగితాలు రాసి ఇచ్చినది ఇదే.

శీనయ్య ముఖం తిప్పుకున్నాడు. ఆడవాళ్ళు నేలచూపులు చూశారు. లిదియమ్మ మాత్రం చేయి చాపి అలాగే నిలబడింది. తొందరపెట్టలేదు. నోరు తిరగని మాట నేను పలికేదాకా కాచుకునేటప్పుడు ఎట్లా కూర్చునేదో అట్లాగే.

వదిలాను.

ఆమె చేద దించింది. నీళ్ళలో పడిన చప్పుడు రోజూ వినే చప్పుడే. ఆమె తోడిన నీళ్ళలో ఒక దోసెడు చెంబులోకి వంచి నాకు ఇచ్చింది. తాగుతారా అని అడగలేదు. దాహం వేసి ఉంటుందని ఇచ్చింది, అంతే. దొడ్డి గోడ అవతల సుందరరామయ్య గుమాస్తా నిలబడి చూస్తున్నాడు.

తాగాను. రోత పోలేదు. దాని మీదుగానే నీళ్ళు దిగాయి.

“మెర్సీ,” అన్నాను.

“నీళ్ళు మీయ్యే గదా సామీ,” అంది ఆమె, రెండవ చేద దించుతూ.

ఎదురింటివారు మధ్యాహ్నం నుంచి మా వైపు కిటికీ మూసుకున్నారు. పురాణకాలక్షేపానికి ఈ ఏడు నన్ను పిలవరని కబురు వచ్చింది. బావిలో నీళ్ళు మూరెడు దిగాయి. ఇట్లా అయితే ఇరవై రోజులు వస్తాయేమో. ఆ పైన వాన రావాలి. రాకపోతే నేనూ దొన మెట్లు ఎక్కవలసిందే.

వరదమ్మ బిడ్డకు నేడు నిండు చెంబులతో నీళ్ళు పోశారట. గుక్కపట్టి ఏడ్చిందట. రామసుబ్బమ్మ పోయి చూసి రాలేదు గాని, ఎవరిని అడిగిందో, బిడ్డ ఏడుపు గట్టిగా ఉందట అని నాకు రెండుసార్లు చెప్పింది.

ఆశీర్వచనం చెప్పే అర్హత నాకు ఉందో లేదో తెలియదు. శాస్త్రం చూడను. నా అభిప్రాయంలో, ముసలివాడికి చివరకు మిగిలేది అదొక్కటే. ఆ బిడ్డకు పదేళ్ళు వచ్చేసరికి చారులో ఉప్పెక్కువైందని గట్టిగా చెప్పే నోరు కలుగుగాక. ఆ మాట విని కోప్పడని ఇల్లు ఆమెకు దొరుకుగాక. ఈ బావిలో నా తరువాత చేద వేసే ప్రతి చేతికీ తాడు తనదై ఉండుగాక. గుక్కెడు నీళ్ళకు వాళ్ళు ఎవరికీ తల వంచి కృతజ్ఞత చెప్పుకోవలసిన అవసరం రాకుండుగాక. నా వంటి రోత పుట్టిన చేతులు వాళ్ళలో ఉంటే, అవి నా చేతికంటె త్వరగా వదలుగాక.

శుభమస్తు.